కిత్తనార కుర్చీలు

కరువు చూడడానికి వచ్చిన దొరల కోసం రసూల్ సాబ్ తండ్రిని మంచం మీంచి కిందికి దించారు.

అది యాభై రెండో సంవత్సరం ఎండాకాలం. కళ్యాణదుర్గానికీ కంబదూరుకూ నడుమ ఎర్రకొట్టాల అనే పల్లె. ఊరిబయట చింతతోపులో కేంపు పడింది. పెద్దదొరకు తన మడతమంచం తన వెంటే వస్తుంది. వెంట వచ్చే గుమాస్తాలకు, బంట్రోతులకు, డ్రైవరుకు మాత్రం ఊరు మంచాలివ్వాలి. ఆ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, ఎత్తేసే అధికారం ఎవరికుందో అంతకన్నా తెలియదు. కేంపు వస్తుందనగానే తలారి చౌడప్ప వీధుల్లో నడిచేవాడు. అతని వెనక మనుషుల నెత్తిమీద మంచాలు నడిచేవి. గంజికి లేదని చెప్పుకోవడానికి ఊరికి హక్కుంది గానీ మంచాలు లేవని చెప్పుకోవడానికి లేదు.

రసూల్ సాబ్ తండ్రి హుస్సేన్ పీరా అప్పటికి జ్వరంతో లేవలేక పడివున్నాడు. తాతల నాటి నుంచి వాళ్ళది కిత్తనార పని. చేలగట్ల మీద ముళ్ళతో పెరిగే కిత్తలి మట్టలు కోసి, నానబెట్టి, పిప్పి పోయేదాకా బండమీద బాది, నార తీసి, పురిపెట్టి తాళ్ళు చేసేవాళ్ళు. ఆ తాళ్ళతో మంచాలు అల్లేవాళ్ళు. ఊళ్ళో సగం మంచాలు ముసలాయన చేతివే. తను పడుకున్నది వాటన్నిట్లోకీ మేలైనది. అందుకే చౌడప్ప నేరుగా ఆ ఇంటికే వచ్చాడు. ఇంట్లో కోడలు జుబేదాబీ, ఆమె ఎనిమిదేళ్ళ కూతురు మాత్రమే ఉన్నారు. రసూల్ మట్టల కోసం గుట్ట దిక్కు పోయివున్నాడు.

“ముసిలాయన పండుకోనుంటే మంచమెట్ల ఇచ్చేదప్పా?” అందామె.

“నేనేం చేద్దును తల్లీ. గట్టి మంచం హుస్సేన్ పీరా ఇంట్లో ఉండాదని మునసబు శ్రీరంగప్పే చెప్పినాడు. కేంపు ఎత్తుతానే నేనే తెచ్చి ఏస్తా.”

ఆ సీమలో ప్రాణం పోయే మనిషినే మంచం మీంచి నేలకు దించుతారు. గోనెపట్టా పరిచి ఇద్దరు పట్టి దించుతుంటే ముసలాయన కళ్ళు తెరిచి చుట్టూ చూశాడు. “అప్పుడే దించినారా? నాకింకా రవంత టైముండాది గదప్పా,” అన్నాడు. కేంపు ఎత్తకముందే ఆయన ఆ నేలమీదే పోయాడు. తర్వాత మంచం తిరిగొచ్చింది గానీ ఒక పక్క పట్టె లేకుండా వచ్చింది. దొరల స్నానానికి నీళ్ళు కాచినట్టున్నారు.

పక్కింటి కదిరప్ప కళ్ళముందే ఇదంతా జరిగింది. అతను రసూల్ కంటే కొంచెం పెద్ద. మంచం పోయిన సాయంత్రం రసూల్ తోపు దిక్కు పోయాడని విని, ఎవరిమీద చెయ్యి చేసుకుంటాడో అని పరుగెత్తాడు. పోయి చూస్తే రసూల్ ఒక చింతమొద్దు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. మంచం అడగబోతే బంట్రోతు తరిమాడట. తరిమినంత దూరం పోయి అక్కడే కూర్చున్నాడు. ఎదురుగా జవాను పెద్దదొర మడతమంచం విప్పుతున్నాడు. రసూల్ దాన్నే చూస్తున్నాడు.

“చూసినావా అన్నా, రెండు మంచంకోళ్ళు కత్తిరి మాదిరి ఉండాయి. నడుమ ఒక్క ఇనుప మొల. అంతే.”

“మీ నాయన కింద పండుకోనుంటే నువ్వు మొలలు లెక్కపెడ్తాండావేమప్పా?”

“ఇట్లాంటివి వాళ్ళకు చాలినన్ని ఉంటే మన ఇండ్లకు ఏంటికొస్తారు? దుడ్లు శానా అవుతాయని కొనరు. అగ్గవగా అయ్యేటివి చేసి పారేస్తే కొంటారు. కొంటే మన జోలికి రారు.”

కదిరప్ప అతని రెక్క పట్టుకుని లేపి ఇంటికి తీసుకొచ్చాడు. బాధలో ఏదో మాట్లాడుతున్నాడనుకున్నాడు. తండ్రి పోయాక కూడా ఆ మాట పోలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళు రసూల్ సాబ్ ఇంటిముందు విరిగిన కర్రల కుప్ప ఉండేది. వేపకర్ర వంగేది, తుమ్మకర్ర ఎత్తలేనంత బరువయ్యేది. మొలకు బదులు లారీ షెడ్లో పారేసిన బోల్టులు ఏరుకొచ్చాడు. మొట్టమొదటి మడతమంచం మీద పడుకున్న మనిషి కదిరప్ప. పడుకుని ఇటు నుంచి అటు ఒత్తిగిల్లగానే అది, ముట్టుకుంటే రోకలిబండ పురుగు చుట్టుకున్నట్టు చుట్టుకుంది, లోపల కదిరప్పతో సహా. జుబేదాబీ నవ్వాపుకోలేక గోడకు ఆనుకుంది.

“నవ్వు తల్లీ, నవ్వు. నీ మొగుడు మంచం చేయలేదు, ఎలకలబోను చేసినాడు.”

“ఎలక బాగా పడినాది గదన్నా,” అంది జుబేదాబీ.

ఊళ్ళో ఎగతాళికి కొదవలేదు. ఇంట్లో పడుకోవడానికి మామూలు మంచం ఉండగా మడతపెట్టే మంచం ఎవడికి కావాలి? అయితే ఆ ఊరివాళ్ళు ఒక సంగతి ఆలోచించలేదు. ఎర్రకొట్టాలలో ఇల్లంటే గింజలూ పాత్రలూ పెట్టుకునే చోటే. మనుషులు బతికేది బయటే. మాఘం పోయిందంటే గోడలు పొయ్యిలాగ కాగుతాయి. తినడం, మాట్లాడడం, పడుకోవడం అన్నీ వాకిట్లోనే. ఉరుసుకో తేరుకో బండ్లు కట్టుకుని పోతే తోపుల్లో రాళ్ళమీద పడుకుని నడుములు పట్టించుకుని వస్తారు. బయట వేసుకోవడానికి, వెంట తీసుకుపోవడానికి తేలికైన వస్తువు కావాలని అందరి నడుములకూ తెలుసు, నోళ్ళకే తెలియదు.

పెనుకొండ ఉరుసుకు వెళ్ళిన ఏడు అది నోళ్ళకూ తెలిసింది. రసూల్ సాబ్ బండి మీద రెండు మడతమంచాలు వేసుకున్నాడు. కదిరప్ప కుటుంబం కూడా అదే బండి. పొద్దు గూకే వేళ దారిలో ఒక తోపు దగ్గర ఆగారు. మిగతా బండ్లవాళ్ళు రాళ్ళు ఏరి చదును చేసుకుంటుంటే జుబేదాబీ మంచం కాళ్ళు చెరోవైపు లాగి, కొంగు దులిపి కూర్చుంది. ఆ రోజు ఆమె కూర్చున్న తీరు కదిరప్ప ఎప్పటికీ మరిచిపోలేదు. పెద్దదొర కూడా అంత దర్జాగా కూర్చోలేదు. మరుసటేడు ఉరుసు ముందు నలుగురొచ్చి మంచాలు అడిగారు.

అయినా రసూల్ సాబ్ కళ్ళు ఉరుసు బండ్ల మీద లేవు, కేంపు మీదే ఉన్నాయి. తండ్రి పోయాక కూడా కేంపులు పడుతూనే ఉన్నాయి, చౌడప్ప వీధుల్లో నడుస్తూనే ఉన్నాడు.

కేంపుకు మంచాలు అమ్మే అవకాశం అరవైలో వచ్చింది. రోడ్డు పక్కన ప్రభుత్వం చిన్న బంగళా కట్టింది. కదిరప్ప అందులో వాచరుగా కుదిరాడు. బంగళా ముందు తోట వేయమన్నారు. తోట అనడమే గానీ, బంగళా బావిలో అడుగున తడి ఉంటే ఎక్కువ. కదిరప్ప కుండలతో మోసి పోసిన నీళ్ళకు నాలుగు గన్నేరు చెట్లు, ఒక వేప మొక్క, కుండీల్లో పేరు తెలియని రంగుల ఆకులు బతికాయి. లోపల గదులు కాగిపోతాయి కాబట్టి వచ్చిన ఆఫీసర్లు సాయంత్రం కాగానే ఈ తోటలోకే పరుగెత్తుకొచ్చేవాళ్ళు. వచ్చి నిలబడేవాళ్ళు. కూర్చోవడానికి ఏమీ లేదు.

ఓవర్సీరు నారాయణప్ప బయట వేసే కుర్చీలు, మంచాలు కొనాలని పూనుకున్నాడు. ఇచ్చిన దుడ్లు తక్కువ. ఏది కొనాలో తేల్చుకోవడానికి ఒక్కో రకం నమూనా తెప్పించాడు. పొద్దున్నే లారీవాడు వాటిని తోటలో దించి పోయాడు. బెంగళూరు నుంచి ఆకుపచ్చ రంగేసిన ఇనుప కుర్చీ ఒకటి, బెత్తం కుర్చీ ఒకటి, కేన్వాసు గుడ్డ పడక కుర్చీ ఒకటి. కదిరప్ప కబురు చేస్తే రసూల్ సాబ్ తన మడతకుర్చీ ఒకటి, మడతమంచం ఒకటి నెత్తిన పెట్టుకొచ్చి వాటి వరసలో చివర పెట్టాడు. వాటిని నీడకు జరపమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ జరపలేదు. ఓవర్సీరు జీపు వచ్చేటప్పటికి నడిమధ్యాహ్నం.

ఓవర్సీరు, మునసబు శ్రీరంగప్ప, వెనకాల చౌడప్ప తోటలోకి వచ్చారు. ఓవర్సీరు మొదట ఇనుప కుర్చీ చుట్టూ తిరిగి, “చూడండి, ముప్పై ఏళ్ళయినా చెదలు పట్టదు,” అంటూ కూర్చున్నాడు. కూర్చున్నంత వేగంగా లేచాడు. అరవకుండా ఆపుకున్నాడు గానీ చెయ్యి వెనక్కి పోకుండా ఆపుకోలేకపోయాడు.

“చెదలు కూడా కాలిపోతాయి సార్ దానిమీద,” అన్నాడు చౌడప్ప, మునసబు వెనక నుంచి.

బెత్తం కుర్చీలో మునసబు కూర్చున్నాడు. ఆయన ఒళ్ళు బరువైనది. ఎండకు పెళుసెక్కిన బెత్తం పేలాలు వేగినట్టు చిటపటలాడింది. ఆయన ఊపిరి బిగబట్టి మెల్లగా లేచి పంచె వెనక తడుముకున్నాడు. ఇక మిగిలింది కేన్వాసు. అందరూ దానివైపు తిరిగేటప్పటికి ఒక మేక దాని గుడ్డలో సగం నమిలి, మిగతా సగం సంగతి చూస్తోంది. గుడ్డకు గంజి పెట్టి ఉన్నారు. ఆ ఏడు ఊళ్ళో మనుషులకే గంజి సరిగా లేదు, మేక ఎందుకు వదులుతుంది?

“ఎవరిదిరా ఈ మేక?” అని అరిచాడు ఓవర్సీరు. ఎవరిదీ కాదు. ఆ క్షణంలో ప్రపంచంలో ఎవరిదీ కాదు.

మునసబు చివరి కుర్చీ వైపు తిరిగాడు. “ఏమప్పా రసూల్ సాబూ, నీది మనిషి కూచుంటే ఉంటాదా, లేస్తే ఉంటాదా?”

“కూచో సామీ. నువ్వు లేస్తానంటే గదా ఆ మాట.”

ఓవర్సీరు అరచేత్తో రెండుసార్లు తాకి చూసి అప్పుడు కూర్చున్నాడు. కిత్తనారకు వేడి పట్టదు, అల్లికలోంచి గాలి ఆడుతుంది. వెనక్కి వాలాడు. కాళ్ళు చాచాడు.  “ఎంతవుతుంది?” అన్నాడు కళ్ళు మూసుకునే.

“దాని సంగతి మీరెంత అంటే అంత సార్. నాది వేరే ఒక మాట ఉండాది.”

“ఏమిటి?”

“ఇంగమీద ఈ ఊర్లో కేంపు పడితే ఇండ్లల్లో మంచాలు ముట్టకూడదు.”

 “ఎవుర్రా ముట్టింది నీ మంచాలు?” అన్నాడు మునసబు. రసూల్ సాబ్ ఆయన వైపు చూడలేదు. చౌడప్ప తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

ఓవర్సీరు కొత్తవాడు, పాత సంగతులు తెలియవు. “ఇక్కడ మంచాలుంటే ఊళ్ళో మంచాలెందుకయ్యా? ముట్టరు,” అన్నాడు. మళ్ళీ, “ఇక్కడ ఉన్నన్నాళ్ళు ముట్టరు. లేకపోతే మాత్రం తప్పదు మరి, మావాళ్ళు నేలమీద పడుకోలేరు కదా,” అన్నాడు.

“ఉంటాయి సార్,” అన్నాడు రసూల్ సాబ్.

కదిరప్ప జీవితంలో మంచి కాలం అంటే ఆ తర్వాత వచ్చిన రెండేళ్ళే. సాయంత్రం నేలమీద నీళ్ళు చల్లి, మట్టి వాసన లేస్తుండగా కుర్చీలు గుండ్రంగా వేసేవాడు. ఆఫీసర్లు ఉంటే వాళ్ళు కూర్చునేవాళ్ళు. లేని రోజుల్లో గేటు దగ్గర ఊరివాళ్ళు ఒక్కొక్కరే చేరి, “కదిరన్నా, రవంత సేపు,” అనేవాళ్ళు. చేలో పడ్డ పందులను తరిమి వచ్చినవాడు కలెక్టరు వాలిన కుర్చీలో వాలి బీడీ ముట్టించేవాడు. రసూల్ సాబ్ మాత్రం ఏనాడూ తన కుర్చీలో కూర్చోలేదు. నేలమీద కూర్చుని, పైన కూర్చున్నవాడి బరువుకు తాళ్ళు ఎక్కడ దిగుతున్నాయో అడుగు నుంచి చూసేవాడు. రెండు కేంపులు వచ్చిపోయాయి. చౌడప్ప వీధుల్లోకి రాలేదు. ఊరివాళ్ళు దాన్ని ఎవరూ పైకి అనలేదు గానీ, మంచాలు మాత్రం ధైర్యంగా వాకిళ్ళలోనే ఉండిపోయాయి.

ఆ మంచాల్లో, కుర్చీల్లో రసూల్ సాబ్ ఒక పని చేయలేదు. ఇంటి మంచానికి కాళ్ళవైపు ఒక తాడు ఉంటుంది. అల్లిక వదులైనప్పుడు దాన్ని లాగి బిగిస్తారు, కావాలంటే సడలిస్తారు. బంగళా మంచాలకు ఆ తాడు పెట్టలేదు. “నా అల్లిక వదులయ్యేది లేదు. అదుంటే ప్రతి జవానూ లాగి పాడుచేస్తాడు,” అనేవాడు. అల్లికంతా ఒకే బిగువున లాగి ముడేశాడు. వేలితో మీటితే మోగేది.

అరవై రెండులో ఒక సాయంత్రం వాన పడింది.

అంతకుముందు వానలు పడలేదని కాదు. పడ్డవాటిని వాన అనడం ఆ ఊరి మంచితనం. ఇది వేరు. చీకటి పడకముందే మొదలై ఆకాశం కుండ బోర్లించినట్టు పోసింది. ఎవరూ ఇళ్ళల్లోకి పోలేదు. మునసబుతో సహా ఊరంతా వీధిలో నిలబడి తడిసింది. కదిరప్ప, రసూల్ సాబ్ భుజాల మీద చేతులేసుకుని బంగళా గేటు ముందు నిలబడి నోళ్ళు తెరిచి వాన తాగారు. తోటలోంచి ఏవో ఫట్‌ఫట్‌మనే శబ్దాలు వినపడ్డాయి. పిడుగులనుకున్నారు. కుర్చీలు లోపల పెట్టాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. ఆ ఊళ్ళో వాన నుంచి దేన్నయినా దాచుకోవడం ఎవరికి అలవాటు?

తెల్లవారి చూస్తే ఒక్క కుర్చీ కూడా సరిగా నిలబడి లేదు. తడిసిన కిత్తనార బిగుసుకుంటుంది. అప్పటికే బిగువుగా ఉన్న తాళ్ళు ఇంకా బిగుసుకుని పట్టెలను లోపలికి లాగేశాయి. కొన్ని విరిగాయి, విరగనివి ఈడ్పు రోగం వచ్చినట్టు మెలితిరిగాయి. ఒక మంచం మూడు కాళ్ళమీద నిలబడి నాలుగోది గాల్లోకి ఎత్తింది.

రసూల్ సాబ్ ఒకదాన్ని బోర్లించి చూశాడు. “సడలించేకి యాడా సందు పెట్టల్యా నేను,” అన్నాడు.

“వానొస్తాదని ఎవురనుకున్యారప్పా,” అన్నాడు కదిరప్ప. 

వానకు తెగిన కుంట చూడడానికి మధ్యాహ్నానికే జీపు వచ్చింది. కరువొస్తే చూడడానికి వస్తారు, కుంట తెగితే చూడడానికీ వస్తారు. ఓవర్సీరు మెలితిరిగిన మంచాలను చూసి మునసబు వైపు చూశాడు. మునసబు చౌడప్ప వైపు చూశాడు. చౌడప్ప వీధిలోకి నడిచాడు.

అప్పుడు రసూల్ సాబ్ ఇంట్లో కూతురు మాబున్నీసా పచ్చి బాలింత. జుబేదాబీ చౌడప్పను దూరం నుంచే చూసింది. లోపలికి పోయి కూతురి కాళ్ళ దగ్గర, మంచం మీద చతికిలబడింది.

“ఏం తల్లీ అట్ల కూచున్యావు?” అన్నాడు చౌడప్ప వాకిట్లో నిలబడి.

“మంచానికి వచ్చినావు గదా. ఎత్తుకో. నా బిడ్డ, బిడ్డ బిడ్డ, నేను, ముగ్గురముండాము. మంచంతో పాటు మోసుకోని పోయి మీ సార్ కాడ దించు. ఆయప్పే సాకుతాడు.”

 “ఇంట్లో ఎవురూ లేరని చెప్తా,” అని చౌడప్ప వెనుదిరిగాడు. మిగతా ఇళ్ళకు కూడా పోలేదు.

ఈలోపల తోటలో రసూల్ సాబ్ కత్తితో తాళ్ళన్నీ కోసేశాడు. విరగని పట్టెలు ఏరి, కాళ్ళవైపు సడలింపు తాడు పెట్టి కొత్తగా అల్లసాగాడు. జుబేదాబీ వచ్చి రెండో వైపు పట్టుకుంది. పొద్దు గూకేటప్పటికి ఓవర్సీరుకు, గుమాస్తాకు రెండు మంచాలు లేచాయి. మిగతావాళ్ళు అరుగుమీద పడుకుని తెల్లవార్లూ గొణిగారు. పోయేటప్పుడు ఓవర్సీరు, “ఈసారికి సరే. మళ్ళీ నేను వచ్చినప్పుడు ఇవి ఇట్లా ఉంటే మాట పోయినట్టే రసూల్ సాబ్. ఊళ్ళో మంచాలు తెప్పిస్తాను,” అన్నాడు. ఆ మాట మునసబు విన్నాడు, ఊరంతా విన్నది.

మిగతావన్నీ కూడా రసూల్ సాబ్ అట్లాగే కాళ్ళతాడు పెట్టి అల్లాడు. అప్పటి నుంచి మబ్బు కమ్మి మోడం పట్టినప్పుడల్లా కదిరప్ప తోటలో తిరిగి కుర్చీల తాళ్ళు సడలించేవాడు. మోడం విడిపోతే మళ్ళీ బిగించేవాడు. మోడాలన్నీ విడిపోయేవే. మొదట్లో పిల్లలు నవ్వేవాళ్ళు: “కదిరప్ప తాళ్ళు వదిలినాడు, ఇంగ వాన రాదు!” అరవై మూడు పోయింది, అరవై నాలుగు పోయింది. అరవై అయిదులో ఆ మాట అంటూ నవ్వేవాళ్ళు తగ్గారు.

ఆ ఏడు కప్పను రోకలికి కట్టి ఊరేగించారు. సాయిబులు ఊరిబయట బీట్లో నమాజు చేసి ఏడ్చారు. చుక్క రాలలేదు. అప్పుడు మునసబు శ్రీరంగప్ప, చౌడప్ప, ఊరి పెద్దలు, వెనకాల ఆడవాళ్ళు రసూల్ సాబ్ వాకిట్లోకి వచ్చారు. కదిరప్ప అక్కడే ఉన్నాడు.

“నీతో ఒక పని పడింది రసూల్ సాబూ,” అన్నాడు మునసబు. ఆ గొంతులో బతిమాలుకోవడం కదిరప్ప మొదటిసారి విన్నాడు. “బంగళా కుర్చీలు, మంచాలు బిగించల్ల. ఆ పొద్దు ఉన్యట్ల. కాళ్ళతాడు తీసేసి, విరిగేటట్ల.”

“వాన కుర్చీల్ని చూసి వస్తాదా సామీ?”

“కప్పను చూసి వచ్చేది కుర్చీని చూసి రాదా?” అన్నాడు చౌడప్ప. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వించాలని అనలేదు.

“వస్తే అన్నీ పోతాయి. ఓవర్సీరు మాట మీరూ విన్యారు. మల్ల చౌడన్న మీ ఇండ్ల మీదికి వస్తాడు.”

వెనకనుంచి ఆంజినమ్మ అనే ముసలామె ముందుకొచ్చింది. “నా మంచం నేనే నెత్తిన పెట్టుకోనొచ్చి ఇస్తా పో నాయనా. పండుకుంటే నిద్దరొస్తాంటే గదా మంచంతో పని. వాన రానీ.”

రసూల్ సాబ్ కదిరప్ప వైపు తిరిగాడు. “నువ్వేమంటావు కదిరన్నా?”

కదిరప్ప వద్దనాలనే అనుకున్నాడు. “శెనక్కాయ ఊడలు దిగే టైము గదప్పా. నేల రాయి మాదిరి ఉండాది. యాడికి దిగుతాయి అవి?” అన్నాడు.

రసూల్ సాబ్ లేచాడు.

ఆ మధ్యాహ్నమంతా తోటలో ఊరు నిలబడి చూసింది. పట్టె మీద మోకాలు పెట్టి, తాడు చేతికి చుట్టుకుని, వెనక్కి వాలి లాగాడు. అరచేతులు చీలి తాడు ఎర్రబడింది. ఒక్కో కుర్చీ అయినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి మీటి చూసేవాళ్ళు. చివరి మంచం ముడి వేసి అతను పక్కకు జరిగేటప్పటికి పడమట నిజంగానే మోడం లేచింది. నల్లగా, బరువుగా. గాలి తిరిగింది. ఆడవాళ్ళు చేతులు జోడించారు. దుమ్ములో అక్కడక్కడ రూపాయి బిళ్ళంత చుక్కలు పడ్డాయి. కదిరప్ప నెత్తిమీద ఒకటి పడింది. అంతే. మోడం వాళ్ళ తలలమీదుగా జరిగిపోయి, తెరిపిచ్చి, ఆకాశం నున్నగా మిగిలింది.

అందరూ తలలు వంచుకుని ఇళ్ళకు పోయారు. మరునాడు మాత్రం రచ్చకట్ట దగ్గర ఎవరో అన్నారు, రసూల్ సాబ్ మనస్ఫూర్తిగా బిగించలేదని. నెత్తురు చూసినవాళ్ళు కూడా తలూపారు. నిందించడానికి ఆకాశం కంటే మనిషి దగ్గరగా ఉంటాడు.

ఆ చలికాలంలో కరువు చూడడానికి కేంపు వచ్చింది. రసూల్ సాబ్ మంచాలు ఒక్కటి కూడా చెడకుండా ఉన్నాయి. దొరలు వాటిమీదే పడుకున్నారు. ఊళ్ళో ఎవరి మంచమూ కదలలేదు. కానీ అప్పటికే రసూల్ సాబ్ జుబేదాబీని తీసుకుని ముదిగుబ్బ పోయివున్నాడు, ఆమె పుట్టింటివాళ్ళ దగ్గరికి. పోయేటప్పుడు కదిరప్పకు కూడా చెప్పలేదు.

అరవై ఎనిమిదిలో గొర్రెలు కొనడానికి ముదిగుబ్బ పోయినప్పుడు కదిరప్ప అతన్ని వెతికి పట్టుకున్నాడు. రోడ్డు పక్క టీ అంగడి. ముందర వేపచెట్టు కింద లారీ డ్రైవర్ల కోసం మంచాలు వేసి ఉన్నాయి. ఒక దాని పక్కన నేలమీద కూర్చుని రసూల్ సాబ్ కాళ్ళతాడు లాగుతున్నాడు. గడ్డం తెల్లబడింది. కదిరప్పను చూసి లేచి, చేతులు తుడుచుకుని, రెండు టీలు చెప్పాడు. జుబేదాబీ బాగుందన్నాడు. మాబున్నీసాకు ఇంకో మగబిడ్డ పుట్టాడన్నాడు. కదిరప్ప తోటలో గన్నేర్ల సంగతి చెప్పాడు, చౌడప్ప పోయిన సంగతి చెప్పాడు. ఆ తర్వాత అడగకూడదనుకున్నదే అడిగాడు.

“ఊర్లో ఇప్పుడుకూ కొందరు అంటాంటారు రసూలూ, ఆ పొద్దు నువ్వు గట్టిగా బిగించల్యాదని. నేను కొట్లాడతాంటా వాళ్ళతో.”

రసూల్ సాబ్ టీ గ్లాసు కింద పెట్టాడు.

“చేతులతో గట్టిగానే బిగించినా అన్నా. నువ్వు చూస్తివి గదా. లోపల మాత్రం రావద్దు, రావద్దు అనుకుంటాంటి. ఆ ముసల్ది మంచం నెత్తిన పెట్టుకోని వచ్చేది కండ్లకు కనపడతాండె. మోడం తెరిపిచ్చి పాయ, ఊరంతా తలకాయ వంచుకోని ఇండ్లకు పాయ, నీ చేను కూడా పాయ. నాకు ఆ పొద్దు కడుపు నిండినట్లాయ అన్నా. అట్లాంటోడు ఆ ఊర్లో ఎట్లుంటాడు? నువ్వు వాళ్ళతో కొట్లాడాకు. పోయి చెప్పు, వాళ్ళన్న్యది నిజమేనని.”